చెమట ఆరని ఊరు

మే నెలలో బెజవాడలో 42 డిగ్రీలంటే ఎవరూ ఉలిక్కిపడరు. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయని మన పెద్దలు ఎప్పుడో ఒప్పేసుకున్నారు. వాతావరణ శాఖ లెక్క కూడా కొంచెం అలాంటిదే. మైదాన ప్రాంతంలో గరిష్ఠ ఉష్ణోగ్రత కనీసం 40 డిగ్రీలుండి, ఆ రోజుల్లో అక్కడ మామూలుగా ఉండేదానికన్నా 4.5 డిగ్రీలు పెరిగితే వడగాల్పు. 45 తాకితే మాత్రం ఇక పోలికతో పనిలేదు.

ఈ నిర్వచనంలో ఉక్కపోతకు చోటు లేకపోవడం పెద్ద లోటే అనిపిస్తుంది నాకు. చెమట కారినందువల్ల ఒళ్లు చల్లబడదు, ఆరినందువల్ల చల్లబడుతుంది. కుండలో నీళ్లు చల్లగా ఉండేదీ ఇందుకే. గాలిలో అప్పటికే తేమ నిండి ఉంటే చెమట ఆరదు, వేడి ఒంట్లోనే ఉండిపోతుంది. అందుకే శాస్త్రవేత్తలు థర్మామీటర్ బుడ్డికి తడిగుడ్డ చుట్టి కూడా కొలుస్తారు. ఆ తడి కొలత 35 డిగ్రీలకు చేరితే ఆరోగ్యవంతుడు నీడలో ఊరికే కూర్చున్నా కొన్ని గంటలకు మించి తట్టుకోలేడని సిద్ధాంతం. ప్రయోగాల్లో చూస్తే కుర్రవాళ్ల ఒళ్లు కూడా అంతకన్నా ముందే చేతులెత్తేసింది. ఇక ఏప్రిల్ ఎండలో గుంటూరు యార్డులో మిర్చి టిక్కీలు మోసే హమాలీ సంగతి? బయటి వేడికి తోడు అతని కండరాలు పుట్టించే వేడి కూడా ఉంటుంది. రాత్రి ఇంటికొస్తే పగలంతా కాగిన డాబా నిద్రపోనివ్వదు. గుండె, మూత్రపిండాలు తేరుకోవాల్సిన సమయం అదే మరి.

గాలి ఒక్క డిగ్రీ వేడెక్కితే దాదాపు 7 శాతం ఎక్కువ ఆవిరిని పట్టుకోగలదు. చెమటను ఆరనివ్వని ఆ ఆవిరే ఇంకో రోజు కుండపోతగా దిగుతుంది. 24 గంటల్లో 204.5 మిల్లీమీటర్లు, ఆపైన పడితే అత్యంత భారీ వర్షం. వానకు ఊరి అలవాటుతో పనిలేదు, అంకె ఒక్కటే.

కానీ ఊరు మునగడానికి ఆ అంకె ఒక్కటే చాలదు. బెజవాడ పక్కన పారే బుడమేరు వాగు నీళ్లు మామూలుగా కొల్లేరుకు పోవాలి. వరదొస్తే వెలగలేరు దగ్గర కొంత కృష్ణకు మళ్లిస్తారు. 2024 సెప్టెంబరు 1న కృష్ణే నిండుగా ఉంది. మర్నాటికి ప్రకాశం బ్యారేజీ దగ్గర ప్రవాహం 11 లక్షల క్యూసెక్కులు దాటింది. నిండిన నది ఇంకో ఏటిని ఎక్కడ కలుపుకుంటుంది? మళ్లింపు కాలువకు గండ్లు పడ్డాయి. వాన వెలిశాక కూడా బెజవాడలోని సింగ్‌నగర్ వీధుల్లో రోజుల తరబడి పడవలు, ట్రాక్టర్లే తిరిగాయి.