చప్పట్లు కొట్టకపోతే?

పిల్లలూ,

మీ స్కూల్లో, ఎప్పటికీ పెరగని, గాల్లో ఎగిరే అబ్బాయి కథ పీటర్ పాన్ నాటకం వేశారని, అందులో టింకర్ బెల్ అనే చిట్టి దేవకన్య చచ్చిపోబోతుంటే హాల్లో అందరూ చప్పట్లు కొట్టి బతికించారని బుజ్జి ఫోన్లో చెప్పింది. తర్వాత గొంతు తగ్గించి, "తాతయ్యా, ఎవ్వరూ కొట్టకపోతే నిజంగా చచ్చిపోయేదా?" అని అడిగింది. నేను వెంటనే జవాబు చెప్పలేకపోయాను. రెండు రోజులుగా అదే ఆలోచన.

ఆ నాటకం రాసిన జేమ్స్ బారీకీ ఇదే టెన్షన్ ఉండేది. 1904 డిసెంబర్ 27 రాత్రి లండన్‌లో డ్యూక్ ఆఫ్ యార్క్స్ థియేటర్‌లో మొదటి ఆట. వచ్చినవాళ్లలో పెద్దవాళ్లే ఎక్కువ. "దేవకన్యలున్నారని నమ్మితే చప్పట్లు కొట్టండి" అంటే ఆ పెద్దమనుషులు చేతులు కట్టుకుని కూర్చుంటే? అందుకని వాద్యాలు వాయించేవాళ్లకు ముందే చెప్పిపెట్టాడు, జనం కొట్టకపోతే మీరు కొట్టండి అని. ఆ అవసరమే రాలేదు. హాలు మోగిపోయింది. పీటర్ వేషం వేసిన నీనా బూసికో అనే నటి ఆ చప్పట్లు విని ఏడ్చేసిందట.

బారీ పుట్టింది 1860లో, స్కాట్లండ్‌లోని కిర్రీముయిర్ అనే చిన్న ఊళ్లో. పదిమంది పిల్లల్లో తొమ్మిదోవాడు. వాళ్ల నాన్న చేనేత పనివాడు. ఆ మాట చదవగానే నాకు మా ఇల్లు కళ్ల ముందు నిలిచింది. మా నాన్నదీ మగ్గమే. బడి నుంచి రాగానే రాట్నం ముందు కూర్చుని కండెలు చుట్టేవాణ్ణి. ఇల్లంతా గంజి వాసన. మగ్గం మీద నిలువు దారాలు బారుగా సాగదీసి ఉండేవి, దాన్నే పడుగు అంటారు. "బట్ట ఏది నాన్నా?" అంటే, "పేక పడనీరా" అనేవాడు. నాడె ఇటు నుంచి అటు పరిగెత్తి అడ్డదారం వేస్తుంటే, వేలెడంత, జానెడంత బట్ట పుట్టుకొచ్చేది.

నాటకం కూడా అంతే. రాసినాయన వేసింది పడుగు. చూసేవాళ్ల మనసు పేక. నటులు నాడెలాగా ఇద్దరి మధ్యా తిరుగుతారు. దారానికి పట్టే గంజి రిహార్సల్స్. పీటర్ పాన్ అసలు డిసెంబర్ 22నే మొదలవ్వాలి, స్టేజీ మీది యంత్రాలు సరిగా పనిచేయక ఐదు రోజులు వాయిదా వేశారు. పడుగులో ఒక్క పోగు తెగితే మా నాన్న మగ్గం ఆపేసేవాడు. ముడి వేసి, వేలితో మీటి చూసుకుని అప్పుడు మళ్లీ నాడె పట్టేవాడు. పేక పడకపోతే పడుగు దారాలుగానే ఉండిపోతుంది. బుజ్జీ, నీ ప్రశ్నకి నాకు తోచిన జవాబు ఇదే.

బారీ పడుగులో ఒక నల్లదారం కూడా ఉంది. జేమ్స్‌కి ఆరేళ్లప్పుడు, మంచు మీద స్కేటింగ్ చేస్తుండగా దెబ్బ తగిలి అన్న డేవిడ్ పోయాడు. మర్నాడు అతని పద్నాలుగో పుట్టినరోజు. తల్లి మంచం పట్టింది. జేమ్స్ చీకటి గదిలోకి వెళ్తే, "నువ్వేనా?" అని అడిగింది. పోయిన కొడుకు వచ్చాడనుకుంది. "వాడు కాదమ్మా, నేనే" అన్నాడట. తర్వాత అన్న బట్టలు వేసుకుని, అన్నలాగే ఈల వేస్తూ అమ్మ ముందు నిలబడ్డాడు. పెరగకుండా పిల్లవాడిగానే ఉండిపోయిన అబ్బాయి ఆయన ఇంట్లోనే ఉన్నాడు, చూశారా.

వాళ్ల ఇంటి ఎదురుగా బట్టలుతికే చిన్న గది ఉండేది. ఏడేళ్లప్పుడు అందులో తొలి నాటకం ఆడాడు. టికెట్టు గుండుసూదులు, గోలీ లేదా బొంగరం! తర్వాత ఎడిన్‌బరోలో చదివి, నాటింగ్‌హామ్‌లో పత్రికలో రాసి, 1885లో లండన్ చేరాడు. కథలతో, నాటకాలతో పేరొచ్చింది. కెన్సింగ్టన్ గార్డెన్స్‌లో తన పెద్ద కుక్క పోర్థోస్‌తో షికారుకెళ్తుంటే డేవిస్ వాళ్ల పిల్లలతో స్నేహం కుదిరింది. వాళ్లకు చెప్పిన కథలే పీటర్ పాన్ అయ్యాయి. కొన్నేళ్లకు ఆ పిల్లల తల్లీతండ్రీ ఇద్దరూ జబ్బు చేసి పోతే, అయిదుగురినీ ఆయనే చూసుకున్నాడు. నాకు ఆయన మీద గౌరవం పెరిగింది ఇక్కడే.

బారీ లండన్ చేరిన ఆ 1885లోనే మన కడప జిల్లాలో సురభి నాటక సమాజం పుట్టింది. చిన్నప్పుడు మా నాన్న భుజాల మీద కూర్చుని వాళ్ల మాయాబజార్ చూశాను. ఘటోత్కచుడు గాల్లో తేలుతుంటే పైన తీగ మెరిసింది. నాకు స్పష్టంగా కనబడింది. అయినా అరచేతులు ఎర్రబడేలా చప్పట్లు కొట్టాను. తీగ చూసిన కళ్లు, ఎగిరాడని నమ్మిన మనసు రెండూ నావే. అదెలా కుదిరిందో ఇప్పటికీ చెప్పలేను.

మీరు మాత్రం మంచం మీంచి దూకొద్దు! పీటర్ పాన్ చూసి ఇంటికెళ్లి ఎగరబోయి దెబ్బలు తగిలించుకున్న పిల్లలున్నారు. వాళ్ల అమ్మానాన్నలు మొరపెట్టుకుంటే, దేవకన్య పొడి చల్లితేనే ఎగరగలరని బారీ తర్వాత చేర్చాడు.

1929లో ఆయన పీటర్ పాన్ హక్కులన్నీ లండన్‌లోని గ్రేట్ ఆర్మండ్ స్ట్రీట్ పిల్లల ఆసుపత్రికి రాసిచ్చేశాడు. 1937లో ఆయన పోయాడు. రచయిత పోయిన కొన్నేళ్లకు ఇలాంటి హక్కులు తీరిపోతాయి. కానీ 1988లో పార్లమెంటు చట్టం చేసింది కాబట్టి, బ్రిటన్‌లో ఆ నాటకం మీద వచ్చే రాయల్టీ ఇప్పటికీ ఆ ఆసుపత్రికే చేరుతోంది. పిల్లల దగ్గర దొరికింది పిల్లలకే ఇచ్చాడు. మీకేదైనా బాగా కలిసొచ్చినప్పుడు ఈ సంగతి తలుచుకోండి.

ఇంతకీ ఆ రోజుల్లో టింకర్ బెల్ వేషం ఎవరూ వేయలేదు. తెర పక్కన ఒక మనిషి చిన్న అద్దం పట్టుకుని వెలుగు చుక్కను స్టేజీ మీద గెంతించేవాడు, పక్కన గంటలు మోగేవి. అంతే! ఆ చుక్క మసకబారుతుంటేనే జనం కంగారుపడ్డారు.

రేపు మధ్యాహ్నం పెరట్లోకి ఒక చిన్న అద్దం పట్టుకెళ్లండి. ఎండను గోడ నీడలోకి తిప్పండి, నెమ్మదిగా చెయ్యి ఆడించండి. పక్కింటి చంటివాడిని పిలిచి చూపించండి. వాడు దాన్ని పట్టుకోవడానికి పరిగెడతాడు. అప్పుడు గోడ వైపు కాదు, వాడి ముఖం వైపు చూడండి. ఏం కనబడిందో నాకు రాయండి.

మీ తాతయ్య