కేబుల్ డిష్‌కి, 5జీ టవర్‌కి గొడవ: మధ్యలో పోయిన 70 మెగాహెర్ట్జ్

కడప, ప్రొద్దుటూరు వైపు కేబుల్ టీవీలో బొమ్మ గడులు గడులుగా విరిగిపోతోందన్న గొడవ మళ్లీ లేచింది. ఇంట్లోవాళ్లు ఆపరేటర్‌ని తిడతారు, ఆపరేటర్ పక్క మిద్దె మీది 5జీ టవర్‌ని చూపిస్తాడు, టవర్‌వాళ్లు మాకేం సంబంధం అంటారు. కేబుల్ ఎప్పుడొచ్చింది, 5జీ ఎందుకొచ్చింది అనేవి అందరికీ తెలిసినవే, వదిలేద్దాం. నన్నడిగితే ముడి పడింది 2018కి, 2022కి మధ్య.

2018 ఆగస్టులో టెలికం నియంత్రణ సంస్థ ట్రాయ్ 5జీకి సిఫార్సు చేసింది 3300 నుంచి 3600 మెగాహెర్ట్జ్ (తరంగాల ఫ్రీక్వెన్సీ కొలత) వరకే. కేబుల్ డిష్‌లు ఉపగ్రహం నుంచి ఛానళ్లు పట్టుకునే సీ బ్యాండ్ 3700 దగ్గర మొదలై 4200 దాకా పోతుంది. అంటే నడుమ 100 ఖాళీ. 2022 జూలై 26న 5జీ తరంగాల వేలం మొదలయ్యేసరికి 5జీ హద్దు 3670కి జరిగింది, ఖాళీ 30 అయింది. ఇంకా ఎక్కువ ఖాళీ కావాలని ప్రసార సంస్థలు మొత్తుకున్నా వినలేదు. అన్ని బ్యాండ్లూ కలిపి ఆ వేలంలో పలికింది 1,50,173 కోట్ల రూపాయలు, ఇక ఎవరు వింటారు!

కేబుల్ ఆపరేటర్ కంట్రోల్ రూమ్ మిద్దె ఎక్కి చూడండి. 83 డిగ్రీల తూర్పు రేఖాంశం దగ్గరున్న జీశాట్-30 ఉపగ్రహానికి తిప్పిన డిష్ కడపలో దాదాపు నడినెత్తికి, కొంచెం దక్షిణానికి వాలి ఉంటుంది. టవర్ వైపు చూడనే చూడదు. అయినా దాని మూతి దగ్గరుండే ఎల్ఎన్‌బీ, అంటే సిగ్నల్‌ని అందుకుని పెద్దది చేసే పరికరం, 36 వేల కిలోమీటర్ల నుంచి వచ్చే బలహీనమైన సిగ్నల్ కోసం చెవులు రిక్కించి ఉంటుంది, పైగా చాలా ఎల్ఎన్‌బీలు 3400 నుంచే వింటాయి. తిరునాళ్ల మైకు పక్కన నిలబడి గుసగుస వినమన్నట్టు. ఫీడ్‌హార్న్‌కి (సిగ్నల్‌ని ఎల్ఎన్‌బీలోకి పంపే గొట్టం), ఎల్ఎన్‌బీకి మధ్య 5జీ తరంగాల్ని ఆపే ఫిల్టర్ బిగిస్తే చాలావరకు తగ్గుతుంది. కానీ ఉన్న ప్రతి డిష్‌కీ బిగించాలి, బోల్టులు విప్పి మళ్లీ సర్దేదాకా ఆ డిష్ మీద వచ్చే ఛానళ్లన్నీ బంద్, ఫిల్టర్ పెట్టాక సిగ్నల్ కూడా కొంచెం తగ్గుతుంది. ఈలోపు కస్టమర్ "పక్కింటి డీటీహెచ్ బాగానే వస్తోంది కదా" అంటాడు. అది కేయూ బ్యాండ్ అనే వేరే తరంగాల మీద, 10 గిగాహెర్ట్జ్ (10,000 మెగాహెర్ట్జ్) పైన నడుస్తుంది. దానికి టెన్షన్ అంతా జోరువాన వచ్చినప్పుడే.

టవర్‌వాళ్ల వాదన: డబ్బు కట్టి కొన్న హద్దులోనే ఉన్నాం, హద్దు దాటి వింటున్నది మీ ఎల్ఎన్‌బీయే. సాంకేతికంగా తప్పు కాదు. అయితే హద్దు జరిపింది డిష్‌వాళ్లు కాదు కదా. అమెరికాలో 2020లో ఇదే సీ బ్యాండ్‌లోంచి 280 మెగాహెర్ట్జ్ తీసుకున్నప్పుడు ఉపగ్రహ సంస్థల తరలింపు, ఫిల్టర్ల ఖర్చంతా వేలంలో గెలిచినవాళ్ల మీదే పెట్టారు. మన దగ్గర అలాంటి ఏర్పాటు పెట్టలేదు. మన ఆపరేటర్ చేతిలో ఉన్నది హెడ్ పోస్టాఫీసు ఇచ్చిన రిజిస్ట్రేషన్. 2025 జనవరి నుంచి అదీ కేంద్ర సమాచార ప్రసార శాఖ పోర్టల్‌కి మారింది. అది వ్యాపారానికి అనుమతి, తరంగాల మీద హక్కు కాదు.

అందుకే టెలికం శాఖ కింది వైర్‌లెస్ మానిటరింగ్ విభాగానికి రాసేవాళ్లు ఊరికే "బొమ్మ రావట్లేదు" అని రాస్తే లాభం లేదు. డిష్ ఉన్న చోటు, దెబ్బతిన్న ఛానళ్ల ఫ్రీక్వెన్సీలు, ఫిల్టర్‌కి ముందు, తర్వాత అనలైజర్ (ఏ ఫ్రీక్వెన్సీలో ఎంత సిగ్నల్ ఉందో చూపించే పరికరం) ఫొటోలు జతచేయాలి. హద్దు పక్కనే, అంటే 3700కి దగ్గర్లో ఉన్న ఛానళ్లకు ఫిల్టర్ పెట్టాక కూడా ఇబ్బంది మిగిలితే అది ముందు రాయండి.