మట్టిని కూడా ఓడలో తెచ్చుకున్న ఇల్లు

స్కాట్లాండ్ పడమటి తీరానికి ఆవల రమ్ అనే దీవి ఉంది. వైశాల్యం నూరు చదరపు కిలోమీటర్లకు కాస్త ఎక్కువ, జనం కొన్ని పదుల మంది. పడవ దిగి కొంచెం నడిస్తే చెట్ల మధ్య ఎర్ర ఇసుకరాతి భవనం, బురుజులతో, చుట్టూ వరండాతో కనిపిస్తుంది. దాని పేరు కిన్‌లాక్ కాజిల్. పేరుకే కోట, యుద్ధమన్నది చూడలేదు. ఇంగ్లండ్‌లోని లాంకషైర్‌లో నేతమిల్లు యంత్రాలు తయారుచేసి గడించిన కుటుంబానికి వారసుడైన జార్జ్ బులో, వేట సీజన్‌లో వచ్చి ఉండటానికి 1897-1900 మధ్య కట్టించుకున్నాడు. 'రమ్ దొర' అనిపించుకోవడం నచ్చక దీవి స్పెల్లింగులో ఒక 'హెచ్' కూడా ఇరికించాడట!

ఆ ఇంటికి కావలసింది ఆ దీవిలో దాదాపు ఏదీ లేదు. రాయి ఓడలో వచ్చింది. తోట కోసం రెండున్నర లక్షల టన్నుల మట్టిని ప్రధాన భూభాగం నుంచి తెప్పించారని చెబుతారు. కొండ వాగుకు అడ్డుకట్ట కట్టి కరెంటు తీశారు. అద్దాల గదుల్లో ద్రాక్ష, అంజూర పండించారు, హమ్మింగ్ పక్షుల్ని, తాబేళ్లను పెంచారు. చలిదేశపు దీవిలో హమ్మింగ్ పక్షి బతకాలంటే బాయిలర్ రాత్రింబవళ్లు మండాల్సిందే. ఇల్లంతా అలాగే నడిచింది, బొగ్గు మీద, పనివాళ్ల మీద. మొదటి ప్రపంచ యుద్ధం వచ్చాక పనివాళ్లు తగ్గిపోయారు. బులో 1939లో చనిపోయాడు. 1957లో ఆయన భార్య దీవిని ప్రభుత్వ ప్రకృతి పరిరక్షణ సంస్థకు అమ్మేసింది. తర్వాత కొన్నేళ్లు ఇంట్లో ఒక భాగాన్ని హాస్టల్‌గా వాడారు, అదీ మూతపడింది. ఇప్పుడు వాన నీరు లోపలికి దిగుతోంది.

ఇలాంటి ఇల్లు ఎందుకు పాడవుతుంది? ఇసుకరాయి నిండా కంటికి ఆనని రంధ్రాలుంటాయి. గాలి వాన నీటిని వాటిలోకి నెడుతుంది, సముద్రపు తుంపర ఉప్పును చేరుస్తుంది. నీరు ఆరినప్పుడు ఉప్పు స్ఫటికాలు కట్టి ఉబ్బుతుంది, రంధ్రాల గోడల్ని తోస్తుంది. రాయి పొడిపొడిగా రాలుతుంది. లోపల పొయ్యి వెలుగుతున్నంత కాలం గోడ ఎప్పటికప్పుడు ఆరుతుంది. పొయ్యి ఆరిపోతే గోడ ఆరదు. అప్పుడు గోడకు ఆనుకున్న చెక్కల వంతు వస్తుంది. చెక్క బరువులో తేమ 20 శాతం దాటితే బూజు జాతులకు పండగే. వాటిలో అన్నిటికంటే మొండిది సెర్పులా లాక్రిమాన్స్ అనే చెక్కను తినే శిలీంధ్రం. ఇటుక, సున్నం మధ్య నుంచి తాళ్లలాంటి పోగులు సాచి, తనతోపాటు నీటిని మోసుకెళ్లి అవతలి చెక్కను పట్టుకుంటుంది. 'లాక్రిమాన్స్' అంటే కన్నీరు కార్చేది. దాని మీద నిజంగానే నీటి బొట్లు కనిపిస్తాయి. పైకప్పు మీద ఒక్క కాలువ పూడుకుపోతే చాలు, కథ మొదలవుతుంది.

కిందనున్న ఇల్లు ఇలా ఉండగా, పైన కొండల మీద వేరే సంగతి నడుస్తోంది. హాలివల్ అనే కొండ దాదాపు 720 మీటర్ల ఎత్తు. దాని పైభాగంలో మ్యాంక్స్ షియర్‌వాటర్ అనే సముద్రపు పక్షులు నేలలో బొరియలు తవ్వుకుని గుడ్లు పెడతాయి. లక్షకు పైగా జంటలు! చలికాలంలో దక్షిణ అమెరికా తీరానికి పోయి, వసంతానికి తిరిగి వస్తాయి. నేల మీద సరిగా నడవలేవు కాబట్టి చీకటి పడ్డాకే దిగుతాయి. ఆ గుంపు అరుపులు ఎంత వింతగా ఉంటాయంటే, స్కాండినేవియా నుంచి వచ్చిన నార్స్ నావికులు పక్క కొండను భూతాల కొండ అనుకుని ట్రోలవల్ అని పేరు పెట్టారని చెబుతారు.

ఈ పక్షులు సముద్రంలో తిన్న చేపల సారాన్ని రెట్టగా కొండ మీద వదులుతాయి. చుట్టూ గోధుమరంగు బీడు ఉన్నా, బొరియలున్న చోట మాత్రం పచ్చిక నిగనిగలాడుతుంది. బులో ఓడల్లో చేయించిన పనిని పక్షులు రెక్కల మీద చేస్తున్నాయి, బాయిలర్ లేకుండా.

వేట కోసం ఉంచిన ఎర్ర దుప్పుల కథ కూడా మలుపు తిరిగింది. 1953 నుంచి శాస్త్రవేత్తలు వీటిని గమనిస్తున్నారు. 1970ల తొలినాళ్ల నుంచి దీవి ఉత్తర భాగంలోని దుప్పుల్ని ఒక్కొక్కటిగా గుర్తుపట్టి, పుట్టుక నుంచి చావు దాకా రాసిపెడుతున్నారు. దశాబ్దాలు గడిచి వాతావరణం వేడెక్కేకొద్దీ అవి ఏడాదిలో మునుపటికంటే ముందుగానే ఈనుతున్నాయని, అందులో కొంత జన్యువుల్లో వచ్చిన మార్పేనని తేలింది. వాతావరణ మార్పును ఇంత దగ్గరగా చూపిన అడవి జంతువుల లెక్కలు ప్రపంచంలో తక్కువ.

నాకు అన్నిటికంటే వింతగా అనిపించేది మరొకటి. దీవి నేలలో ఖనిజాలు తక్కువ, కానీ మగ దుప్పికి ఏటా కొత్త కొమ్ములు మొలవాలి. అందుకని గడ్డి మేసే ఈ జంతువులు రాత్రిపూట బొరియల దగ్గర తిరుగుతూ, బయటకు వచ్చిన షియర్‌వాటర్ పిల్లల తలల్ని, కాళ్లను కొరుక్కుని తింటాయి. ఎముకల్లోని కాల్షియం కోసమే అంటారు పరిశోధకులు. మాంసాన్ని చాలావరకు అలాగే వదిలేస్తాయి.