మైన్‌క్రాఫ్ట్ మాడ్‌లో సొంత బ్లాకు మొరాయించినప్పుడు: అపోహలు - వాస్తవాలు

మైన్‌క్రాఫ్ట్ జావా ఎడిషన్‌కు మాడ్‌లు (ఆటను మార్చే అదనపు ప్రోగ్రాంలు) రాయడం నేర్చుకునేవారు ఒక కొత్త బ్లాకును తయారుచేసి, దానికి బొమ్మ అతికించి, ఆటలో నిలబెట్టేంతవరకు పెద్దగా ఇబ్బంది పడరు. ఆ బ్లాకు కుడి క్లిక్‌కు స్పందించాలి, లోపల వస్తువులు దాచుకోవాలి, ఒక లెక్కను గుర్తుంచుకోవాలి అన్నప్పుడే చిక్కులు మొదలవుతాయి. ఆ చిక్కులు విప్పడంలో పలువురికి సాయపడిన అనుభవంతో చెబుతున్నాను: ఏ సమాచారం ఆటలో ఎవరి దగ్గర ఉంటుందో తెలియక ఏర్పడిన అపోహలే కోడ్‌లోని అసలు తప్పు కన్నా ఎక్కువ రోజులు తినేస్తాయి.

ఉదాహరణగా నేను తయారుచేసిన తిరగలి బ్లాకును తీసుకుంటాను. అందులో గోధుమలు వేసి 8 సార్లు కుడి క్లిక్ చేస్తే పిండి వస్తుంది. తిరుగుతున్నంతసేపు పైరాయి రూపం మారుతుంది. ఇక్కడ వాడిన పేర్లు 1.21.1 వెర్షన్‌లోవి, మొజాంగ్ సంస్థ స్వయంగా విడుదల చేసిన పేర్ల పట్టిక ప్రకారం ఉన్నవి. ఫ్యాబ్రిక్ అనే లోడర్ (మాడ్‌లను ఆటలోకి ఎక్కించే సాధనం) వాడేవారికి పరిచయమైన యార్న్ పట్టికలో ఇవే మెథడ్‌లకు (ఒక్కో పని చేసే కోడ్ భాగాలకు) వేరే పేర్లున్నాయి. ఇక్కడి సెట్‌ఛేంజ్‌డ్ అక్కడ మార్క్‌డర్టీ అవుతుంది. ఏదైనా పాఠంలో చూసిన మెథడ్ మీ ప్రాజెక్టులో కనిపించకపోతే, కోడ్ తప్పని అనుకునే ముందు ఆ పాఠం ఏ పట్టికను, ఏ వెర్షన్‌ను అనుసరించిందో చూసుకోవడం అవసరం.

అపోహ: ఒంటరిగా ఆడుతున్నప్పుడు సర్వర్ అనేదే ఉండదు కాబట్టి, సర్వర్ గురించి తర్వాత ఆలోచించవచ్చు.

వాస్తవం: 2012 ఆగస్టులో వచ్చిన 1.3 వెర్షన్ నుంచి ఒంటరి ఆట కూడా తన లోపల ఒక సర్వర్‌ను నడుపుతూనే ఉంది. ప్రపంచం అసలు స్థితి ఆ సర్వర్ దగ్గర ఉంటుంది, సెకనుకు 20 టిక్‌ల (అడుగుల) చొప్పున అదే దాన్ని ముందుకు నడుపుతుంది. తెర మీద మనం చూసేది క్లయింట్ (ఆటగాడి తెరను నడిపే భాగం) దగ్గరున్న నకలు మాత్రమే. కుడి క్లిక్‌కు స్పందించే మెథడ్ మొదట క్లయింట్ వైపు, ఆ తర్వాత సర్వర్ వైపు నడుస్తుంది. అందుకే వైపును పరీక్షించకుండా ఆటగాడికి సందేశం పంపితే అది రెండుసార్లు కనిపిస్తుంది. క్లయింట్ వైపు కూడా పిండి ఇచ్చే కోడ్ నడిస్తే, సంచిలో కనబడిన పిండి వాడబోయేసరికి మాయమవుతుంది, ఎందుకంటే సర్వర్ లెక్కలో ఆ పిండి ఎన్నడూ లేదు.

ఏ వరుస ఏ వైపు నడిచిందో తెలుసుకోవడానికి ప్రత్యేక పరికరమేదీ అక్కర్లేదు. లాగ్‌లోని ప్రతి వరుస మొదట్లో థ్రెడ్ (ఆ కోడ్‌ను నడిపిన పని దారం) పేరు ఉంటుంది: సర్వర్ థ్రెడ్ అని ఉంటే సర్వర్ వైపు, రెండర్ థ్రెడ్ అని ఉంటే క్లయింట్ వైపు. బ్లాకు మొరాయించిందని ఎవరు చెప్పినా నేను ముందుగా అడిగేది ఆ రెండు వరుసలనే.

క్లయింట్ వైపు ఏమీ చేయకూడదన్నంత మాత్రాన అక్కడ పాస్ అనే ఫలితాన్ని తిరిగి ఇవ్వడం కూడా పొరపాటే. ఆటగాడి చేతిలో రాయి ఉందనుకుందాం. బ్లాకు ఈ క్లిక్‌ను పట్టించుకోలేదని క్లయింట్ భావించి ఆ రాయిని పక్కన పెట్టేస్తుంది. సర్వర్ మాత్రం తిరగలిని తిప్పి, రాయి అక్కడ లేదని సరిదిద్దుతుంది. ఫలితంగా రాయి ఒక్క క్షణం కనిపించి మాయమవుతుంది. పనిని సర్వర్ వైపు చేసి, రెండు వైపులా విజయాన్ని తెలిపే సైడెడ్‌సక్సెస్‌ను తిరిగి ఇవ్వడమే సరైన పద్ధతి.

అపోహ: బ్లాకు క్లాసులో ఒక వేరియబుల్ పెట్టి, తిప్పిన సంఖ్యను అందులో దాచుకోవచ్చు.

వాస్తవం: నేను అన్నిటికన్నా ఎక్కువసార్లు చూసిన తప్పు ఇదే. ప్రపంచంలో వంద తిరగళ్ళు పెట్టినా బ్లాకు ఆబ్జెక్టు ఒక్కటే ఉంటుంది; ఆట మొదలైనప్పుడు నమోదు చేసిన ఆ ఒక్క ఆబ్జెక్టే అన్ని తిరగళ్ళకూ బదులు చెబుతుంది. అందువల్ల ఒక తిరగలిని 5 సార్లు, దూరంగా ఉన్న ఇంకొకదాన్ని 3 సార్లు తిప్పితే రెండోదానిలో పిండి రాలుతుంది. ఒంటరి ఆటలో ఇంకో విచిత్రం కూడా జరుగుతుంది. క్లయింటూ సర్వరూ ఒకే జావా ప్రక్రియలో ఉండి ఆ ఒక్క ఆబ్జెక్టునే వాడుకుంటాయి కాబట్టి, వైపును పరీక్షించని కోడ్‌లో ప్రతి క్లిక్‌కూ లెక్క రెండేసి చొప్పున పెరిగి, 8 సార్లకు బదులు 4 సార్లకే పిండి వస్తుంది. దాన్ని సరిచేయడానికి హద్దును 16కు మార్చినవారిని చూశాను. అలా మార్చిన మాడ్‌ను విడి సర్వర్ మీద పెట్టగానే 16 సార్లు తిప్పవలసి వస్తుంది, ఎందుకంటే అక్కడ రెండు వైపులూ వేర్వేరు ప్రక్రియలు.

ఒక్కొక్క చోటికి విడిగా ఉండవలసిన సమాచారానికి ఆటలో రెండు స్థానాలున్నాయి. దిక్కు, తిరుగుతోందా లేదా వంటి కొద్దిపాటి విలువలకు బ్లాక్‌స్టేట్ సరిపోతుంది. వస్తువులకు, పెరిగే లెక్కలకు బ్లాక్ ఎంటిటీ (ఆ చోటి బ్లాకుకు జతగా ఉండే విడి ఆబ్జెక్టు) కావాలి. బ్లాక్‌స్టేట్‌లో ప్రతి లక్షణం మిగతావాటితో గుణించబడుతుందని గుర్తుంచుకోవాలి. ఆటలోని రెడ్‌స్టోన్ తీగనే చూడండి: నాలుగు వైపులకు మూడేసి విలువలు, శక్తికి 16 విలువలు కలిసి 1,296 స్థితులవుతాయి. లక్ష దాకా లెక్కించే సంఖ్యను అక్కడ దాచాలనుకోవడం వల్ల ఏమవుతుందో దీన్నిబట్టి ఊహించవచ్చు.

అపోహ: సెట్‌ఛేంజ్‌డ్ పిలిస్తే చాలు, భద్రపరచడమూ తెర మీద చూపడమూ రెండూ అయిపోతాయి.

వాస్తవం: ఈ మెథడ్ ముఖ్యంగా చేసే పని, ఈ చంక్ (ప్రపంచంలోని 16×16 బ్లాకుల ముక్క) మారింది, డిస్కు మీద రాయాలి అని గుర్తు పెట్టడం. క్లయింట్‌కు బ్లాక్ ఎంటిటీ సమాచారాన్ని అది పంపదు. ఈ రెండు పనులను వేరుచేసి చూడనంతకాలం తప్పు దొరకదు, కనుక ఇక్కడ కొంచెం నిదానంగా వెళ్లాలి.

సెట్‌ఛేంజ్‌డ్‌ను పిలవడం మరచిపోతే లక్షణం అయోమయంగా ఉంటుంది: లెక్క కొన్నిసార్లు నిలుస్తుంది, కొన్నిసార్లు పోతుంది. కారణం సులభమే. చంక్‌ను డిస్కు మీద రాసేటప్పుడు అందులోని బ్లాక్ ఎంటిటీలన్నీ కలిపే రాయబడతాయి. అదే 16×16 గడిలో ఆటగాడు ఏదో ఒక బ్లాకును పెట్టినా, పగలగొట్టినా చంక్‌కు మారిన గుర్తు పడుతుంది, దానితోపాటు మన లెక్క కూడా భద్రమవుతుంది. ఎవరూ ఏమీ ముట్టుకోని రోజున మన లెక్క పోతుంది. కొన్నిసార్లే పోతోందని ఎవరైనా చెబితే ముందుగా చూడవలసింది ఇదే.

క్లయింట్‌కు చేరవేయడం వేరే పని. గెట్‌అప్‌డేట్‌ట్యాగ్ ఇచ్చే సమాచారం చంక్ మొత్తంతో కలిసి వెళుతుంది. మధ్యలో వచ్చే మార్పును వెంటనే పంపాలంటే గెట్‌అప్‌డేట్‌ప్యాకెట్ రాసి ఉండాలి, విలువ మారిన ప్రతిసారీ సెండ్‌బ్లాక్‌అప్‌డేటెడ్‌ను పిలవాలి. మొదటిది మాత్రమే రాసినవారికి ప్రపంచంలోంచి బయటికి వెళ్లి తిరిగి వస్తే అంతా సరిగ్గా కనిపిస్తుంది, ఆడుతుండగా మాత్రం పాత విలువే కనిపిస్తుంది.

తప్పు ఏ వైపుందో తేల్చడానికి స్లాష్ డేటా గెట్ బ్లాక్ అనే ఆదేశానికి తిరగలి ఉన్న చోటు నిరూపకాలను ఇచ్చి చూడాలి. అది చూపేది సర్వర్ దగ్గరున్న బ్లాక్ ఎంటిటీని. అక్కడ సంఖ్య సరిగ్గా ఉండి తెర మీద తప్పుగా ఉంటే లోపం చేరవేతలో ఉంది. అక్కడే సంఖ్య పాతగా ఉంటే లోపం మన తర్కంలో ఉంది. అసలా పేరే కనిపించకపోతే సేవ్‌ఎడిషనల్ మెథడ్‌లో ఆ విలువను రాయలేదన్నమాట, ఎందుకంటే ఆ ఆదేశం కూడా భద్రపరిచే మెథడ్ ద్వారానే సమాచారాన్ని తెచ్చుకుంటుంది. ఎఫ్3 నొక్కినప్పుడు కుడి పక్కన కనిపించే బ్లాక్‌స్టేట్ మాత్రం క్లయింట్ నకలులోది. ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి చూస్తే గంటల తరబడి చేసే వెతుకులాట నిమిషాల్లో తెమిలిపోతుంది.

అపోహ: యూజ్‌వితౌట్‌ఐటమ్ అనే మెథడ్ చేయి ఖాళీగా ఉన్నప్పుడే నడుస్తుంది.

వాస్తవం: 2024 ఏప్రిల్‌లో వచ్చిన 1.20.5 వెర్షన్‌లో పాత యూజ్ మెథడ్ రెండుగా చీలింది. ఆట మొదట యూజ్‌ఐటమ్‌ఆన్‌ను పిలుస్తుంది. మామూలు స్పందనకు వదిలేయమని అది చెబితే, ప్రధాన హస్తం విషయంలో యూజ్‌వితౌట్‌ఐటమ్ నడుస్తుంది, ఆ చేతిలో వస్తువున్నా సరే. షిఫ్ట్ నొక్కి ఉంచి, ఏదో ఒక చేతిలో వస్తువు పట్టుకుని క్లిక్ చేస్తే మాత్రం సాధారణంగా ఈ రెండూ నడవవు, వస్తువుకే అవకాశం దక్కుతుంది. షిఫ్ట్‌తో క్లిక్ చేస్తే గింజలు తీసుకునేలా రాశాను, పనిచేయడం లేదు అనేవారు రెండు చేతులూ ఖాళీ చేసి ప్రయత్నించాలి.

అపోహ: బ్లాకు కనిపించకపోతే బొమ్మ ఫైలు తప్పు.

వాస్తవం: బొమ్మో మోడలో దొరకకపోతే ఊదా, నలుపు గళ్ళు కనిపిస్తాయి. పూర్తిగా అదృశ్యమైన బ్లాకు కథ వేరు: ఈ వెర్షన్‌లో బేస్‌ఎంటిటీబ్లాక్ నుంచి వచ్చే బ్లాకు తనంతట తాను అదృశ్య రూపాన్నే ఇస్తుంది, కాబట్టి గెట్‌రెండర్‌షేప్‌లో మోడల్ అని మనమే చెప్పాలి.

అపోహ: పగలగొడితే బ్లాకు చేతికి రాకపోవడం జావా కోడ్‌లోని లోపం.

వాస్తవం: తిరిగి రాలే వస్తువును నిర్ణయించేది లూట్ టేబుల్ అనే జేసన్ ఫైలు. 2024 జూన్ నాటి 1.21 వెర్షన్‌లో ఈ ఫోల్డర్ పేరు బహువచనం నుంచి ఏకవచనానికి, అంటే లూట్_టేబుల్స్ నుంచి లూట్_టేబుల్‌కు మారింది. పాత పేరుతో ఉన్న ఫోల్డర్‌ను ఆట చదవదు, ఎలాంటి హెచ్చరికా ఇవ్వదు. దాని లోపలి బ్లాక్స్ అనే ఫోల్డర్ మాత్రం బహువచనంగానే ఉండిపోయింది, ట్యాగ్‌ల (బ్లాకులను గుంపులుగా చేర్చే జాబితాల) కింద ఉండేది బ్లాక్‌గా మారింది. ఈ తేడా అనుభవజ్ఞులను కూడా తప్పుదారి పట్టిస్తుంది. సరైన పనిముట్టు ఉండాలన్న షరతు పెట్టి, మైనబుల్ పికాక్స్ ట్యాగ్‌లో బ్లాకును చేర్చకపోయినా ఏమీ రాలదు. పరీక్షను సర్వైవల్‌లో చేయాలి, క్రియేటివ్‌లో ఎలాగూ రాలదు.

అపోహ: ఆన్‌రిమూవ్ అంటే బ్లాకు పగిలినప్పుడు మాత్రమే నడిచేది.

వాస్తవం: స్థితి మారినా అది నడుస్తుంది. నా తిరగలి తిరగడం మొదలుపెట్టగానే లోపలి గోధుమలన్నీ నేల మీద చిమ్మాయి. తిరుగుతోంది అనే లక్షణం మారడాన్ని కూడా ఆట ఒక స్థితి పోయి ఇంకొకటి రావడంగానే చూస్తుంది కనుక, గింజలను బయట వేసే కోడ్ అక్కడా నడిచింది. కొత్త స్థితి కూడా ఇదే బ్లాకుదా అని పరీక్షించి, కాదన్నప్పుడే వస్తువులను బయట వేయాలి. క్రమం కూడా ముఖ్యం: ముందు వస్తువులను వేసి, ఆ తర్వాతే మాతృ క్లాసు మెథడ్‌ను పిలవాలి. ముందే పిలిస్తే బ్లాక్ ఎంటిటీ తొలగిపోయి, లోపలి వస్తువులు కూడా దానితోపాటే పోతాయి.

అపోహ: బ్లాకు కిటికీలో (దాని వస్తువులను చూపే తెరలో) షిఫ్ట్ క్లిక్ చేయగానే ఆట బిగుసుకుపోతే మెమరీ చాలలేదని అర్థం.

వాస్తవం: ఎంత మెమరీ కేటాయించినా ఈ స్తంభన తీరదు. షిఫ్ట్ క్లిక్ సమయంలో ఆట క్విక్‌మూవ్‌స్టాక్‌ను పదే పదే పిలుస్తుంది. అది ఖాళీ ఫలితాన్ని ఇచ్చేవరకో, ఆ గడిలోని వస్తువు మారేవరకో ఆగదు. ఏమీ కదపకుండానే వస్తువును తిరిగి ఇచ్చే కోడ్ దానిని అంతులేని చక్రంలో పడేస్తుంది. డీబగ్గర్‌లో పాజ్ నొక్కితే థ్రెడ్ సరిగ్గా ఆ మెథడ్‌లోనే కనిపిస్తుంది. విడి సర్వర్‌లో అయితే ఒక టిక్‌కు 60 సెకన్లు దాటినప్పుడు కాపలా థ్రెడ్ సర్వర్‌నే ఆపేస్తుంది.

కిటికీకి సంబంధించి ఇంకో రెండు విషయాలు చెప్పాలి. తెరుచుకున్న వెంటనే మూసుకుపోతే స్టిల్‌వాలిడ్‌లో వేరే బ్లాకు పేరు ఉందేమో చూడండి; వర్క్‌బెంచ్ పాఠం నుంచి తెచ్చుకున్న వరుసలో క్రాఫ్టింగ్ టేబుల్ పేరు అలాగే మిగిలిపోవడం తరచుగా కనిపిస్తుంది. సంఖ్యలు రుణాత్మకంగా కనిపిస్తే, మూల ఆట కంటైనర్‌డేటా విలువలను 16 బిట్లలో పంపుతుందన్నది గుర్తుకు రావాలి. మీ లోడర్ ఆ పద్ధతిని మార్చి ఉండకపోతే 1,00,000 అన్న శక్తి విలువ అవతల మైనస్ 31,072గా కనిపిస్తుంది. సంఖ్యను రెండు గడులుగా విడగొట్టి పంపి, అవతల కలుపుకోవాలి.

అపోహ: నా కంప్యూటర్‌లో ఒంటరి ఆటలో పనిచేసింది, కాబట్టి స్నేహితుల సర్వర్‌లోనూ పనిచేస్తుంది.

వాస్తవం: ఒంటరి ఆటలో సర్వర్ ఉన్నా అది క్లయింట్ ప్రోగ్రాం లోపలే నడుస్తుంది కాబట్టి, తెర, ఫాంటు, కీబోర్డుకు చెందిన క్లాసులన్నీ అక్కడే అందుబాటులో ఉంటాయి. విడి సర్వర్ ప్రోగ్రాంలో ఆ క్లాసులే ఉండవు. తిరగలి బ్లాకు క్లాసులో కిటికీ గీసే క్లాసును నేరుగా వాడితే, వైపును పరీక్షించే షరతు చుట్టూ ఉన్నా, క్లాసును లోడ్ చేసేటప్పుడే సర్వర్ కూలిపోయే అవకాశం ఉంది. అలాంటి కోడ్‌ను క్లయింట్ కోసం ప్రత్యేకించిన క్లాసులోకి తరలించి, బ్లాకు నుంచి మెనూను తెరవడం మాత్రమే చేయాలి. దీనికి వేరే యంత్రమేదీ అవసరం లేదు: మాడ్ ప్రాజెక్టులోనే రన్‌సర్వర్ అనే గ్రేడిల్ (ప్రాజెక్టును నిర్మించి నడిపే సాధనం) పని ఉంటుంది. మొదటిసారి నడిపినప్పుడు యూలా ఫైలులోని ఫాల్స్‌ను ట్రూగా మార్చమని ఆగుతుంది. ఆ తర్వాత సర్వర్ ప్రాపర్టీస్‌లో ఆన్‌లైన్ మోడ్‌ను ఫాల్స్ చేసి, ప్రాజెక్టు నుంచే నడిపిన క్లయింట్‌తో లోకల్‌హోస్ట్‌కు చేరవచ్చు. తిరగలికి కొత్త మెథడ్ ఏది చేర్చినా, అదే రోజు ఆ సర్వర్‌లో రెండు తిరగళ్ళు పక్కపక్కన పెట్టి, ఒక్కొక్కటి 8 సార్లు తిప్పి చూస్తాను.