మీటరు చూపిన అంకెనే రాయండి

తిరుపతి

ప్రియమైన పిల్లలకు,

ఆశీస్సులు. మీలో కొందరికి చిన్నతనంలోనే షుగరు వచ్చింది. మరికొందరి ఇళ్లలో అవ్వకో తాతకో ఉంది. వాళ్లకు చూపు ఆనక, వేలు గుచ్చి మీటరు చూసే పని మీ మీద పడింది. అందరికీ కలిపి ఈ ఉత్తరం రాస్తున్నాను. నేను ఉద్యోగమంతా రక్తపరీక్షల ల్యాబులోనే చేసి రిటైరయ్యాను. మీటరు కొన్నరోజు దుకాణంలో రెండు నిమిషాలు చూపించి పంపిస్తారు. ఆ తర్వాత తీరిగ్గా కూర్చోబెట్టి చెప్పేవాళ్లు తక్కువ. అది నన్ను చాలాకాలంగా బాధపెడుతోంది.

ముందుగా ఒక మాట. చిన్నపిల్లల్లో ఎక్కువగా కనిపించే టైప్ 1 మధుమేహం మిఠాయిలు తిన్నందువల్ల రాదు. ఒంటిని కాపాడవలసిన రక్షణ వ్యవస్థే క్లోమంలో ఇన్సులిన్ తయారుచేసే కణాలను నాశనం చేయడం వల్ల వస్తుంది. లడ్డూలు ఎక్కువ తిన్నందుకే వచ్చిందని ఎవరైనా అంటే, వాళ్లు తెలియక అంటున్నారు. 1921లో కెనడాలోని టొరంటోలో బాంటింగ్, బెస్ట్ అనే పరిశోధకులు ఇన్సులిన్‌ను కనుక్కోకముందు ఈ జబ్బు వచ్చిన పిల్లలు ఎక్కువకాలం బతికేవారు కాదు. 1922 జనవరిలో మొదటిసారి ఆ సూది వేయించుకున్నది లియొనార్డ్ థాంప్సన్ అనే 14 ఏళ్ల అబ్బాయి. బాంటింగ్ పుట్టినరోజు నవంబరు 14. మీ బాలల దినోత్సవం రోజే ప్రపంచ మధుమేహ దినం కూడా కావడానికి కారణం అదే.

మందు దొరికింది సరే, ఎంత వేయాలో ఎలా తెలుస్తుంది? నేను ఉద్యోగంలో చేరిన రోజుల్లో మన ఇళ్లలో మీటర్లు లేవు. నీలంగా ఉండే బెనెడిక్ట్ ద్రావణం 5 మిల్లీలీటర్లు గాజు గొట్టంలో పోసి, ఎనిమిది చుక్కల మూత్రం వేసి మరిగించేవాళ్లం. చక్కెర లేకపోతే నీలంగానే ఉండేది. ఉంటే ఆకుపచ్చ, పసుపు, నారింజ, బాగా ఎక్కువైతే ఇటుక రంగు. అయితే రక్తంలో చక్కెర సుమారు 180 (డెసిలీటరుకు మిల్లీగ్రాముల లెక్కన) దాటితే తప్ప మూత్రంలోకి రాదు. వచ్చినా, అది కొన్ని గంటల కిందటి సంగతి. చక్కెర 50కి పడిపోయి బిడ్డ వణికిపోతున్నా గొట్టంలో నీలమే కనిపించేది. ఇప్పుడు ఒక్క చుక్క రక్తంతో కొన్ని సెకన్లలో తెలియడం ఎంత మేలో ఆ రోజులు చూసినవాళ్లకు తెలుసు.

మీటరులో దూర్చే సన్నటి పట్టీనే స్ట్రిప్ అంటాం. దాని కొన మీద గ్లూకోజ్ ఆక్సిడేజ్ వంటి ఎంజైము పూత ఉంటుంది. రక్తం తగలగానే అది గ్లూకోజుతో చర్య జరుపుతుంది. ఆ చర్యలో వెలువడిన ఎలక్ట్రాన్లు అతి చిన్న విద్యుత్ ప్రవాహంగా మీటరులోకి వెళతాయి. చక్కెర ఎంత ఎక్కువైతే ప్రవాహం అంత ఎక్కువ. ఆ చక్కెర రక్తంలోదా, వేలికి అంటుకున్నదా అన్నది మాత్రం ఎంజైముకు తెలియదు.

అందుకే చేతులు కడుక్కోమని పదేపదే చెబుతాను. మే, జూన్ నెలల్లో మన చిత్తూరు వైపు ఏ ఇంట చూసినా మామిడిపండ్లే. తోతాపురి కోసిన చేత్తో వేలు గుచ్చుకుంటే, 120 ఉన్నవాళ్లకూ 250 చూపించవచ్చు. ఆ తప్పుడు అంకెను నమ్మి ఇన్సులిన్ ఎక్కువ వేసుకుంటే షుగరు పడిపోయి ప్రాణం మీదికి వస్తుంది. ప్రసాదం తిన్న చేయీ అంతే. స్పిరిట్ దూదితో తుడిస్తే పండు రసం పూర్తిగా పోదు. సబ్బు పెట్టి నీళ్లతో కడగాలి, తడి లేకుండా తుడుచుకోవాలి. తడి వేలి మీద రక్తం పలచబడి అంకె తగ్గుతుంది.

గుచ్చేది వేలి కొన మధ్యలో కాదు, పక్కన. మధ్యలో నరాల కొనలు ఎక్కువ, నొప్పి ఎక్కువ. రోజూ ఒకే వేలిని బాధపెట్టకుండా మార్చుకోండి. చుక్క రాకపోతే చేయి కాసేపు కిందికి వేలాడదీయండి, అరచేతి నుంచి వేలివైపు మెల్లగా నిమరండి. కొన దగ్గర గట్టిగా పిండితే కణజాలంలోని నీరు కూడా కలిసి వస్తుంది. ఇంట్లో ఇద్దరికి షుగరు ఉన్నా సరే, గుచ్చే పెన్ను ఎవరిది వాళ్లకే ఉండాలి. తాతగారి పెన్నులో సూది మార్చి వాడుకోవడం కూడా వద్దు, హెపటైటిస్ బి అలా అంటుకుంటుంది. వాడిన సూదులను గట్టి ప్లాస్టిక్ డబ్బాలో వేసి మూత పెట్టండి. చెత్త ఎత్తే అమ్మ చేతికి అవి గుచ్చుకోకూడదు.

స్ట్రిప్పుల డబ్బా మూత తీసిన వెంటనే మూసేయాలి, గాలిలోని తేమకు అవి పాడవుతాయి. చాలా డబ్బాల మీద 30 డిగ్రీలు దాటకూడదని రాసి ఉంటుంది. రోహిణి కార్తెలో స్కూటర్ డిక్కీలో పెట్టి మరిచిపోతే ఆ స్ట్రిప్పులను ఇక నమ్మలేం. అలాగని ఫ్రిజ్‌లోనూ పెట్టవద్దు.

వెంటవెంటనే రెండుసార్లు చూస్తే 142, 151 అని వస్తే కంగారు పడకండి. అంతర్జాతీయ ప్రమాణమే 100 పైన ఉన్న అంకెకు 15 శాతం అటూ ఇటూ ఒప్పుకుంటుంది. మధుమేహం ఉన్న పెద్దల్లో చాలామందికి తినకముందు 80 నుంచి 130, తిన్న రెండు గంటలకు 180 లోపు ఉండాలని చెబుతారు. పిల్లలకు, బాగా వయసు మళ్లినవాళ్లకు లక్ష్యం వేరుగా ఉండవచ్చు, మీ డాక్టరు చెప్పిందే మీకు లెక్క. ఎప్పుడూ పరగడుపునే చూసి ఊరుకోకండి. రాగిసంగటి తింటే షుగరు పెరగదని మన వైపు గట్టి నమ్మకం. రాగుల్లో మూడింట రెండు వంతులు పిండిపదార్థమే. తినబోయే ముందు ఒకసారి, రెండు గంటల తర్వాత ఒకసారి చూస్తే ఎంత ముద్ద మీ ఒంటికి సరిపోతుందో మీకే తెలుస్తుంది.

70 కంటే తగ్గితే మాత్రం ఆలోచిస్తూ కూర్చోవద్దు. చెమట, వణుకు, గుండెదడ, కారణం లేని చిరాకు దాని గుర్తులు. 15 గ్రాముల గ్లూకోజు, లేదా మూడు చెంచాల చక్కెర నీళ్లలో కలిపి తాగాలి. బాగా చిన్నపిల్లలకు ఇంకా తక్కువ చాలు. 15 నిమిషాలకు మళ్లీ చూడాలి. అప్పటికీ 70 దాటకపోతే మరోసారి అంతే తీసుకోవాలి. ఈ సమయంలో లడ్డూ పెట్టకండి, అందులోని నెయ్యి చక్కెరను త్వరగా రక్తంలో చేరనివ్వదు. స్పృహ తప్పినవాళ్ల నోట్లో ఏమీ పోయకూడదు, 108కి ఫోను చేయండి. ఇక టైప్ 1 ఉన్న పిల్లలకు షుగరు 250 దాటి, వాంతులో కడుపునొప్పో ఉంటే అదే పూట ఆసుపత్రికి వెళ్లాలి.

అలిపిరి మెట్ల దారిన కొండెక్కే పిల్లలకు ప్రత్యేకంగా చెబుతున్నాను. 3,550 మెట్లు ఎక్కుతుంటే కండరాలు చక్కెరను గబగబా వాడుకుంటాయి. బయలుదేరేముందు చూసుకోండి, గాలిగోపురం దగ్గర కూర్చున్నప్పుడు మళ్లీ చూసుకోండి. సామాను కింద అప్పగించి నడిచేటప్పుడు మీటరు, గ్లూకోజు పొట్లం అందులో వేయకండి, జేబులో ఉంచుకోండి. ఆ ప్రభావం రాత్రి దాకా ఉంటుంది కనుక పడుకునే ముందు కూడా ఒకసారి చూడాలి.

అసలు చెప్పాలనుకున్నది నోటుపుస్తకం సంగతి. 286 వచ్చిన రోజు 146 అని రాసే పిల్లలను చాలామందిని చూశాను. వాళ్ల తప్పు లేదు. ఎక్కువ రాగానే “ఏం తిన్నావు?” అని ఇంట్లో గద్దించినందువల్లే అలా రాస్తారు. ఆ అంకె పరీక్షలో మార్కు కాదు. రాత్రి ఏమీ తినకపోయినా తెల్లవారుజామున కొన్ని హార్మోన్ల వల్ల కాలేయం గ్లూకోజును వదులుతుంది. జ్వరం వచ్చినా, పరీక్షల భయం పట్టుకున్నా పెరుగుతుంది. డాక్టరు మీ పుస్తకం చూసే ఇన్సులిన్ మోతాదు మారుస్తారు. తప్పుడు అంకెలు ఉంటే మోతాదూ తప్పుతుంది. మూడు నెలల సగటు చెప్పే హెచ్‌బీఏ1సీ పరీక్షలో ఎలాగూ తేడా బయటపడుతుంది, కానీ ఆలోగా నష్టపోయేది మీ ఒళ్లే.

కాబట్టి వచ్చిన అంకె, వేళ, పక్కన ఒక ముక్క కారణం రాయండి: పెళ్లి భోజనం, జ్వరం, ఆటలు. కారణం తెలియకపోతే తెలియదనే రాయండి. ఈ ఉత్తరం మీ అమ్మానాన్నలకు కూడా చదివి వినిపించండి. మీటరు వైపు చూసిన వెంటనే మీ మీద కోప్పడవద్దని, ఆ పుస్తకంలో మీరు నిజం రాసేలా ఉండనివ్వమని నా మాటగా చెప్పండి.

ప్రేమతో,
మీ అవ్వ