ట్యాప్‌ల లెక్క పక్కన పెట్టండి: జియు-జిట్సు సాధనపై అపోహలు - వాస్తవాలు

ఒడిశాలోని బరంపురంలో జియు-జిట్సు నేర్పుతానని చెబితే, కొత్తవారు ముందు అడిగేది “అంటే కరాటేనా?” అని. కాదు, గుద్దులూ తన్నులూ లేకుండా ఎక్కువగా నేలమీదే పట్టులు వేసి లొంగదీసుకునే విద్య అని చెప్పి చెప్పి అలసిపోయాను. మా దగ్గర చేరినవారు మూడు నెలలు తిరిగేసరికి వేసే ప్రశ్న వేరు: “మాస్టారూ, నాకేమైనా వస్తోందా?” ఈ నాలుగు మాటలూ వారి కోసమే.

అపోహ: రోజూ ట్యాప్ చేస్తున్నానంటే ఏమీ రాలేదనే అర్థం.

పట్టు బిగిసినప్పుడు ఎదుటివారి ఒంటిమీదో మ్యాట్ మీదో తట్టి ‘చాలు, వదులు’ అని చెప్పడమే ట్యాప్. చాలామంది వీటినే లెక్కపెట్టుకుని కుంగిపోతారు. మీతో తలపడేవారు కూడా మీతోపాటే నేర్చుకుంటున్నారన్న సంగతి మరచిపోతారు. ఇద్దరూ కలిసి మెట్లెక్కుతుంటే మధ్య దూరం తగ్గినట్టు కనిపించదు.

బ్యాంకులో పనిచేసే ఒక అమ్మాయి నిరుడు వానాకాలంలో చేరింది. ఎనిమిది నెలల తర్వాత ఒక సాయంత్రం, మొదటి వారంలో తనను ఓడించిన కుర్రాడి చేతిలోనే, అదే ఆర్మ్‌బార్‌కు (చేయి చాపి మోచేయి విరిచే పట్టుకు) మళ్లీ దొరికిపోయి గోడకు ఆనుకుని కూర్చుంది. నా నోటుపుస్తకం తెచ్చి చూపించాను. మొదట్లో ఆమె గురించి రాసుకున్నది ఇది: “అతను పొట్టమీద కూర్చోగానే రెండు చేతులూ పైకి చాచి నెట్టింది. ఇరవై లెక్కపెట్టేలోగా మోచేయి దొరికింది.” చేతులు చాచడమంటే ఆర్మ్‌బార్‌ను బొట్టుపెట్టి పిలవడమే. ఆ సాయంత్రం జరిగింది వేరు. మోచేతులు పక్కటెముకలకు అదిమి పెట్టింది. నడుము పక్కకు లాగి, సందులో మోకాలు దూర్చి రెండుసార్లు బయటపడింది. నాలుగో నిమిషంలో ఊపిరి అందక చేయి వదులైంది, అప్పుడు దొరికింది. ఫలితం రెండుసార్లూ ట్యాపే, కానీ రెండూ ఒకటెలా అవుతాయి?

ఆ నడుము లాగే కదలికకు ఇంగ్లీషులో పెట్టిన పేరు ‘ష్రింప్’, అంటే రొయ్య. గోపాల్‌పూర్ సముద్రతీరం పక్కన ఉన్న మాకు దాన్ని వేరే వివరించనక్కర్లేదు.

కాబట్టి ఎన్నిసార్లు ఓడారో రాసుకోవద్దు. ఎక్కడ ఇరుక్కున్నారు, ఎంతసేపు నిలిచారు, కింద ఉన్నప్పుడు ఊపిరి బిగబట్టారా అన్నవి రాసుకోండి.

అపోహ: బెల్టు రంగు మారితేనే ఎదిగినట్టు.

బెల్టుల వరుస వైట్, బ్లూ, పర్పుల్, బ్రౌన్, బ్లాక్. బ్రెజిలియన్ జియు-జిట్సు అంతర్జాతీయ సమాఖ్య నియమాల ప్రకారం పెద్దలు బ్లూ బెల్టులో కనీసం 2 ఏళ్లు, పర్పుల్‌లో ఏడాదిన్నర, బ్రౌన్‌లో ఏడాది ఉండాలి. 19 ఏళ్లు నిండనిదే బ్లాక్ బెల్టు లేదు. ఇవి కనీస గడువులు మాత్రమే. బ్లాక్ బెల్టు చేతికి రావడానికి పదేళ్లు పట్టడం మామూలే. మధ్యలో రంగు మారని ఏళ్లే ఎక్కువ. నేను విశాఖలో మా గురువుగారి దగ్గర బ్లూ బెల్టు కట్టించుకుని రైలు దిగిన వారంలోనే, ఒక వైట్ బెల్టు కుర్రాడు నా మెడ పట్టాడు. బెల్టుకేం తెలుస్తుంది పాపం.

అపోహ: ఒడుపు ఉంటే బలంతో పనిలేదు.

1993లో రకరకాల యుద్ధవిద్యలవారు తలపడిన మొదటి యూఎఫ్‌సీ పోటీలో జియు-జిట్సు ఆటగాడు రాయిస్ గ్రేసీ తనకన్నా బరువైనవారిని లొంగదీసుకున్నాక ఈ మాట బాగా పాకింది. సగమే నిజం. బలం ఏ పనికీ రాకపోతే పోటీల్లో బరువు తరగతులు ఎందుకు పెడతారు? మాది బరువులెత్తేవారి ఊరు. 2010 ఢిల్లీ కామన్వెల్త్ క్రీడల్లో 69 కిలోల విభాగంలో స్వర్ణం గెలిచిన కె. రవికుమార్ మా ఊరివాడే. ఆ వ్యాయామశాలల నుంచి వచ్చే కుర్రాళ్లకు వచ్చే చిక్కు ఏమిటంటే, తప్పు పట్టు కూడా కండబలంతో పనిచేసేస్తుంది. రెండు నిమిషాలు గడిచి చేతులు బరువెక్కాకే తప్పు బయటపడుతుంది.

అపోహ: నెల మానేస్తే అంతా పోతుంది.

రెండేళ్లకోసారి మా ఊరి అమ్మవారి జాతర ఠాకురాణి యాత్ర వస్తే మా తరగతి ఇంచుమించు ఖాళీ. తిరిగి వచ్చినవారిని చూశాను కదా, ముందు పోయేది దమ్ము, ఒడుపు కాదు. రెండు వారాల్లో దారిన పడతారు.

అపోహ: ఆలస్యంగా ట్యాప్ చేయడం ధైర్యం.

చోక్‌లో, అంటే మెడ బిగించే పట్టులో, నొప్పి పెద్దగా ఉండకపోవచ్చు. మెడకు రెండు పక్కలా ఉండే ధమనులు నొక్కుకుపోయి మెదడుకు రక్తం తగ్గుతుంది. పట్టు సరిగ్గా పడితే పది సెకన్ల అటూఇటూగా స్పృహ తప్పుతుంది. ఆర్మ్‌బార్‌లో మోచేయి వెనక్కి విరుచుకుంటుంది. నిరుడు నేనే మొండికేసి తట్టలేదు. కుడిచేయి ఇప్పటికీ పూర్తిగా చాచలేను. మూడు వారాలు మ్యాట్ పక్కన కుర్చీ వేసుకుని, ఎడమచేత్తో వంకర టింకరగా ఇతరుల ఆట గురించి రాసుకుంటూ గడిపాను. ఆ బ్యాంకు అమ్మాయి గురించి రాసిన మొదటి వాక్యం ఆ కుర్చీలోంచి రాసిందే.