ఎన్నికలప్పుడు నోరు విప్పితే కేసేనా? అపోహలు - వాస్తవాలు

2024 ఎన్నికల ఫలితాలు వచ్చిన వారానికి ఒక కుర్రాడు మేనమామను వెంటబెట్టుకుని మా ఆఫీసుకొచ్చాడు. గుంతలు పడ్డ ఊరి రోడ్డు ఫొటో పెట్టి, కింద "ఓట్ల ముందు వేశారు, ఓట్లతోపాటే పోయింది" అని వాట్సాప్ స్టేటస్ పెట్టాడట. ఆ రాత్రి పదిపన్నెండు మంది ఇంటిమీదకొచ్చారు. అరుగు మీద మోకాళ్లపై కూర్చోబెట్టి, చేతులు జోడించి క్షమాపణ చెప్పించి, ఆ వీడియో ఊరి గ్రూపులో పెట్టారు.

అతను నన్ను అడిగిన మొదటి మాట: "సార్, నా మీద కేసవుతుందా?"

క్రిమినల్ కోర్టుల్లో తిరిగే లాయరుగా ప్రతి ఎన్నికలకూ ఈ తిరకాసే చూస్తున్నాను. నేరం కానిదానికి వణికిపోతారు. అసలు నేరాన్ని మాత్రం "రాజకీయాల్లో మామూలే" అని వదిలేస్తారు.

అపోహ: ఎన్నికల కోడ్ వచ్చింది, ఇక రాజకీయాలు మాట్లాడకూడదు.

కోడ్ పార్టీలకు, అభ్యర్థులకు, అధికారంలో ఉన్నవాళ్లకు. ఓటరు నోటికి తాళం వేయడానికి కాదు. పోలింగ్ ముగిసే సమయానికి ముందు 48 గంటలు బహిరంగ సభలు, టీవీ ప్రచారం ఆపమంటుంది ప్రజాప్రాతినిధ్య చట్టంలోని 126వ సెక్షన్. టీ కొట్టు దగ్గర కబుర్లను అది పట్టించుకోదు.

ఆ కోడ్‌లోనే ఇంకో మాట ఉంది, దాన్ని ఎవరూ చదవరు. ఒక మనిషి అభిప్రాయాలు మీకెంత గిట్టకపోయినా, ఇంట్లో ప్రశాంతంగా బతికే అతని హక్కును గౌరవించాలి, అతని ఇంటి ముందు ధర్నాలు, పికెటింగులు చేయకూడదు అని. మా కుర్రాడి అరుగు మీద జరిగింది దీనికి సరిగ్గా రివర్స్.

అపోహ: నాయకుణ్ణి, ప్రభుత్వాన్ని విమర్శిస్తే లోపలేస్తారు.

దీని గురించి కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే భయమంతా ఇక్కడే ఉంది. చాలామంది ఇప్పటికీ "66ఏ పెడతారంట సార్" అంటూ వస్తారు. ఆన్‌లైన్ పోస్టులపై కేసులు పెట్టడానికి వాడిన ఐటీ చట్టం సెక్షన్ అది. ఆ సెక్షన్‌ను సుప్రీంకోర్టు 2015లోనే కొట్టేసింది. అయినా స్టేషన్లలో వాడుతూనే ఉన్నారని తేలి, దాని కింద ఎవరినీ ప్రాసిక్యూట్ చేయొద్దని 2022లో మళ్లీ చెప్పాల్సొచ్చింది. చచ్చిన సెక్షన్ ఏడేళ్లు తిరిగిందన్నమాట.

370వ అధికరణం రద్దును తప్పుబడుతూ వాట్సాప్ స్టేటస్ పెట్టిన ఒక ప్రొఫెసర్ మీద కేసును 2024 మార్చిలో సుప్రీంకోర్టు కొట్టేసింది. ప్రభుత్వ నిర్ణయాన్ని విమర్శించే హక్కు ప్రతి పౌరుడికీ ఉందని చెప్పింది. 2025 మార్చిలో ఒక కవితపై పెట్టిన కేసునూ కొట్టేస్తూ, మాటల వల్ల కలిగే ప్రభావాన్ని గట్టి మనసున్న మామూలు మనిషి కొలతతో చూడాలి తప్ప, ప్రతిదానికీ ఉలిక్కిపడేవాడి కొలతతో కాదంది. శిక్ష మూడు నుంచి ఏడేళ్ల లోపు ఉండే ఇలాంటి కేసుల్లో ఎఫ్ఐఆర్‌కు ముందు ప్రాథమిక విచారణ చేయడం మంచిదని కూడా చెప్పింది. సీఆర్పీసీ స్థానంలో వచ్చిన కొత్త నాగరిక్ సురక్షా సంహితలోని 173(3) అందుకు వీలిస్తుంది.

అయితే ఒక చేదు నిజం దాచను. కేసు నిలబడదు అన్నంత మాత్రాన కేసు పెట్టరని కాదు. కోర్టు కొట్టేసేలోపు స్టేషన్ చుట్టూ తిరగడం, ఫోన్ స్వాధీనం చేసుకోవడం, సంబంధం చూడ్డానికి వచ్చినవాళ్లు "కేసుందట కదా" అనడం, ఇవన్నీ అయిపోతాయి. పిలుపొస్తే నోటీసు రాతపూర్వకంగా అడగండి. ఇలాంటి నేరాల్లో అలవాటుగా అరెస్టు చేయకూడదన్నది 2014 నుంచి సుప్రీంకోర్టు మాట.

అపోహ: భావప్రకటనా స్వేచ్ఛ ఉంది, ఏమైనా అనొచ్చు.

పై అపోహకు ఇది కవల. రాజ్యాంగంలోని 19(1)(ఏ) ఇచ్చిన హక్కుకు 19(2) హద్దులు గీసింది. ఎన్నికల పేరుతో కులాల మధ్య, మతాల మధ్య ద్వేషం రగిలిస్తే ప్రజాప్రాతినిధ్య చట్టం 125 కింద మూడేళ్ల దాకా జైలు. అబద్ధమని తెలిసి అభ్యర్థి వ్యక్తిగత శీలం మీద రాసినా నేరమే. పరువునష్టం క్రిమినల్ నేరంగా ఉండటం రాజ్యాంగబద్ధమేనని 2016లో తేలిపోయింది. నాకది నచ్చదు, కానీ చట్టం అదే.

"నేను రాయలేదు సార్, ఫార్వర్డ్ చేశానంతే" అనేది మా దగ్గర బాగా అరిగిపోయిన డిఫెన్స్. ఫార్వర్డ్ చేసినవాడూ బాధ్యుడేనని 2023లో మద్రాసు హైకోర్టు చెప్పింది. గ్రూప్ అడ్మిన్లు మాత్రం ఊపిరి పీల్చుకోవచ్చు. సభ్యుడు పెట్టిన పోస్టుకు అడ్మిన్ అయిన పాపానికి బాధ్యుడు కాడని 2022లో కేరళ హైకోర్టు తీర్పు.

అపోహ: అవతలి పార్టీ సభను అడ్డుకోవడం కూడా నిరసనే.

నల్ల బ్యాడ్జీ పెట్టుకోండి, అది నిరసన. సభ జరగకుండా గోల చేస్తే అది ప్రజాప్రాతినిధ్య చట్టం 127వ సెక్షన్ కింద నేరం. "గొడవలవుతాయి కాబట్టి మాట్లాడనివ్వం" అనే వాదనను సుప్రీంకోర్టు 1989లోనే తోసిపుచ్చింది. బెదిరించేవాళ్లను అదుపు చేయడం ప్రభుత్వం పనే, మాట్లాడేవాడి నోరు మూయించడం కాదు.

అపోహ: పోలింగ్ అయిపోతే అంతా సద్దుమణుగుతుంది.

ఆంధ్రప్రదేశ్‌లో 2024 మే 13 పోలింగ్ తర్వాత పల్నాడు, తాడిపత్రి, చంద్రగిరి చూసినవాళ్లు ఈ మాట అనరు. ఎన్నికల సంఘం రాష్ట్ర ప్రధాన కార్యదర్శినీ డీజీపీనీ ఢిల్లీకి పిలిపించింది, ప్రత్యేక దర్యాప్తు బృందం (సిట్) వేశారు. పెద్ద గొడవలు కాబట్టి వార్తల్లోకొచ్చాయి. అరుగుల మీద జరిగేవి రావు. "ఎవరికేశావో చెప్పు" అని నిలదీయడం పోలింగ్ అయ్యాకే మొదలవుతుంది. అది ఎవరికీ చెప్పక్కర్లేదు. కోర్టు కూడా మిమ్మల్ని అడగకూడదు, అదే చట్టంలో 94వ సెక్షన్ చూసుకోండి.

ఆ కుర్రాడికి చెప్పాను: నీ స్టేటస్ నేరం కాదు. అర్ధరాత్రి ఇంట్లోకి చొరబడటం, కదలనివ్వకుండా నిర్బంధించడం, బెదిరించడం, ఈ మూడూ ఐపీసీలో నేరాలే. సాక్ష్యం కూడా వాళ్లే తీసి గ్రూపులో పెట్టారు, కంప్లైంట్ రాద్దామా అన్నాను.

మేనమామ వైపు చూశాడు. ఆయన కిటికీలోంచి బయటికి చూస్తూ, "అందరిదీ ఒకే వీధండీ. వాళ్లబ్బాయీ వీడూ ఒకే బెంచీలో చదువుకున్నారు" అన్నాడు.

స్టేటస్ ఆ రాత్రే తీసేశాడట. వీడియో ఇంకా గ్రూపులోనే ఉంది. దాన్ని తీయించగలమా అని మాత్రం అడిగాడు.